ఖాళీ అయిన ఎడమ మూల

సంతోష్‌నగర్‌లో నేను పనిచేసే పెయింట్ల దుకాణంలో నిన్న కంప్యూటర్లకు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయించారు. ఉదయం రాగానే సేఠ్ "మస్తు స్పీడైంది" అని మురిసిపోయారు. బిల్లులు కొట్టే రజిత మాత్రం "స్పీడేం జేసుకోను సేఠ్, ఏదేడుందో సమజైతలేదు" అని లొల్లి పెట్టింది. నేను నా కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

నేను కంప్యూటర్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తెర కింద ఎడమ మూల నొక్కి, తర్వాత మూడో బొమ్మ నొక్కితే రోజువారీ పద్దు తెరుచుకుంటుందని పక్కవాళ్లను చూసి గుర్తుపెట్టుకున్నాను. దాని ఇంగ్లీషు పేరు ఎన్నడూ చదవలేదు. ఈ రోజు ఆ మూల ఖాళీగా ఉంది. అడిగితే, పన్నెండేళ్లుగా చేస్తున్న పని నాకు రాదనుకుంటారేమోనని, గుడ్డ తీసుకుని తెర తుడుస్తూ కూర్చున్నాను.

"ఏందన్నా, గంట సంది తుడుస్తనే ఉన్నవ్?" అంది రజిత.

"దుమ్ము పట్టింది."

ఆమె ఒకసారి నా ముఖం చూసి, కుర్చీ ఇటు లాక్కుంది. "నా దాంట్ల గూడ మస్తు దుమ్మున్నది. జెర జరుగు, ఇద్దరం కల్సి ఎతుకుదాం."

పద్దు బొమ్మ దొరికింది. ఆమె వెళ్లాక దాని పేరును ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను.

మీలో ఎవరైనా నాలాగే చోటు గుర్తుతో నెట్టుకొస్తున్నారా? ఉంటే చెప్పండి. రజిత కూడా ఇది చదువుతుందని తెలిసే రాస్తున్నాను.