గాజుకున్న పిన్నీసు

బెంగళూరు పీణ్యలోని ఓ చిన్న కార్ఖానాలో తూకం యంత్రాన్ని చూసుకునే అక్క ఆమె. మాట ఆ ఊరి కాటన్‌పేట తెలుగు. ఏ పని మొదలుపెట్టినా ఒకటే మాట: “ముందు ఏది బాగుండాదో చెప్పప్పా. చెడింది ఆమీద ఎతుకుదాం.”

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. నేను పెట్టిన లినక్స్ కంప్యూటర్‌లోకి తూకం అంకెలు రావాలి. యూఎస్‌బీ సీరియల్ అడాప్టర్ కనబడుతోంది, డేటా మాత్రం రాదు. డేటా వేగం మార్చాను, పర్మిషన్లు మార్చాను, మూడుసార్లు రీస్టార్ట్ చేశాను. బయట తూకం కోసం ఆగిన లారీ హారన్ మోగుతూనే ఉంది. విసుగెత్తి ఓనర్‌తో యంత్రమే పోయిందనేశాను. ఆయన అందరి ముందూ అక్కను కన్నడంలో చెడామడా తిట్టాడు.

ఆమె కేబుల్ ఊడదీసి, గాజుకున్న పిన్నీసు తీసి, అడాప్టర్‌లో పంపే పిన్నుకూ అందుకునే పిన్నుకూ ఒకేసారి ఆనించింది. “ఇప్పుడు ఏమన్నా కొట్టు.”

కొట్టిన అక్షరాలు తెరమీదికి తిరిగొచ్చాయి.

“అడాప్టర్ బాగుండాది. యంత్రం మీద అంకె కూడా కనిపిస్తానే ఉండాది. ఇంక మిగిలిందేందప్పా?”

మిగిలింది ఆ రెంటి మధ్య నేను చేసిన కేబుల్. రెండు తీగలు తారుమారుగా అతికించాను. సరిచేయగానే అంకెలు వచ్చాయి.

ఏమైందని ఓనర్ అడిగాడు. బాగయిందని మాత్రమే చెప్పి అక్క నావైపు చూసింది. నేను తెరవైపు చూశాను. ఆమె పిన్నీసు మళ్లీ గాజుకు తగిలించుకుంది.

ఇప్పటికీ మెట్రో పీణ్యలో ఆగినప్పుడల్లా దిగుదామని సీట్లోంచి లేస్తాను. తలుపులు మూసుకున్నాక కూర్చుంటాను.