రంగనాయకులుగారి బొండాలు

కిడ్నీ డాక్టరంటే రాళ్లు తీసే డాక్టరేనని బాపట్లలో అనుకున్నారు, రేపల్లెలోనూ అనుకున్నారు. "ఆపరేషన్ చేయరా? మరి ఇంకేం చేస్తారండి?" అని రేపల్లె నర్సింగ్ హోమ్ ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. మందులతో, డయాలసిస్‌తో వైద్యం చేస్తానని, ఉద్యోగం అడగడానికి వెళ్లిన డాక్టర్ దేవకుమారి చెప్పిన జవాబు ఆయన చెవిదాకా వెళ్లనే లేదు. ఆమె గొంతే అంత. సొంతూరు ఈపురుపాలెం చర్చిలో వాక్యం చదివితే వెనక బల్లల వాళ్లు "గట్టిగా అమ్మా" అనేవాళ్లు.

తెనాలిలో మాత్రం డయాలసిస్ మిషన్లున్నాయి, వాటిని చూసే గుంటూరు డాక్టరు మానేశాడు. ఈ ఉద్యోగమూ రాకపోతే ఇంకెక్కడ అడగాలో ఆమెకు తెలియదు.

"రామ్మా డాక్టరమ్మా! ఇంత పెద్ద చదువు ఎప్పుడు చదివావు?" అన్నాడు ఆసుపత్రి యజమాని రంగనాయకులు. రైస్ మిల్లు నడిపే మనిషి. డయాలసిస్ కోసం కూర్చున్నవాళ్లకు తన చేత్తో కొబ్బరి బొండాలు పంచుతున్నాడు. ఆమెకూ ఒకటిచ్చాడు. "మా తోటవే. చలవ చేస్తుంది."

దేవకుమారి అది తాగకుండా చుట్టూ చూసింది. పక్కనే వీల్‌చెయిర్‌లో, పాదాలు పొంగిన ఈశ్వరమ్మ అనే ముసలావిడ అప్పటికే స్ట్రా నోట్లో పెట్టుకుంది. పాడైన కిడ్నీలకు ఆ నీళ్లు ఎంత ప్రమాదమో దేవకుమారికి తెలుసు. ఆయన ఇచ్చిన బొండాన్ని తప్పుపడితే ఉద్యోగం పోతుంది. ఊరుకుంటే?

"మామ్మగారూ, తాగకండి."

ఎవరికీ వినపడలేదు. దేవకుమారి బొండాం లాగేసింది. నీళ్లు ముసలావిడ చీర మీద ఒలికాయి.

"ఓయమ్మో! నోటి దగ్గరది లాక్కుంటావేంటమ్మాయ్?"

రంగనాయకులు మొహం మారింది. "మా తోట కాయలేమన్నా విషమా?"

"వీళ్లకి విషమేనండి!" ఈసారి దేవకుమారి గొంతుకు హాలంతా తిరిగి చూసింది. "అందులో పొటాషియం ఎక్కువండి. వీళ్ల ఒంట్లోంచి అది బయటికి పోదు. గుండె ఆగిపోతుంది."

"ఆ గుంటూరాయన ఒక్కనాడూ చెప్పలేదే?"

"మీరు పంచడం ఆయన చూశారా అండి?"

దేవకుమారి ముసలావిడ చెయ్యి పట్టుకుంది. నాడి మరీ మెల్లగా కొట్టుకుంటోంది.

"ఎన్ని తాగారు మామ్మగారూ?"

"ఇది రెండోది. తియ్యగా ఉందని అడిగి మరీ పుచ్చుకున్నా. కాళ్లే లేవట్లేదమ్మా, పొద్దున్నించీ."

"ఈసీజీ తీయండి. కాల్షియం ఇంజక్షన్ తెండి. ముందు ఈవిడనే మిషన్ మీద పెట్టాలి."

నర్సు రంగనాయకులు వైపు చూసింది.

"నన్ను చూస్తావేంటమ్మా, డాక్టరుగారు చెప్తుంటే!" అని కసిరి, ఆయన బొండాల గంపను కాలితో గోడ వారకు నెట్టాడు.

ఉద్యోగం వచ్చినట్టే. అయినా దేవకుమారికి భయం తగ్గలేదు, ఇంకా పెరిగింది. చదువుకునేటప్పుడు ఇలాంటి వేళ ప్రొఫెసరుగారికి ఫోన్ చేసేది. ఇప్పుడు అందరూ తనవైపే చూస్తున్నారు.

"నాకేమన్నా అవుతుందా అమ్మా?" అంది ఈశ్వరమ్మ.

"ఏం కానివ్వనండి," అంటూ దేవకుమారి వీల్‌చెయిర్ తనే తోసుకుంటూ లోపలికి నడిచింది.