పొద నీడన తవ్విన మన్ను

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి అన్నీ తొందరే కాబోలు. నేనైతే ఆ రోజుల్లో ఆఖరి ముద్ద మింగకముందే చెయ్యి కడుక్కునేవాణ్ణి. అప్పుడే నిజాం సర్కారు కచేరీలో కొత్తగా కొలువు దొరికింది. సాగుకు పనికొస్తుందో లేదో చూడటానికి ఊరూరా తిరిగి మన్ను తవ్వి తేవడం నా పని. (మా బాపు మాత్రం "మావోడు దఫ్తర్ల పెద్ద నౌకరి చేస్తుండు" అని అందరికీ చెప్పుకునేవాడు.)

ఆత్మకూరు దగ్గరి ఒక ఊళ్లో భూమి లేని ఎనిమిది ఇళ్లవాళ్లకు సాగుకు భూమి ఇవ్వాలనుకున్నారు. ఊరికి తూర్పున గడ్డి బీడు, పడమర బలుసు, రేగు పొదల బీడు. రెండింట్లో ఏ మన్ను మంచిదో తేల్చుకు రమ్మని మా కచేరీ పెద్దసాబ్ నన్ను పంపాడు. "మియా, జర నిదానంగ చెయ్యి" అని ఆయన అంటుండగానే నేను మెట్లు దిగేశాను.

నడి ఎండాకాలం. గడ్డి బీడులో నిలువ నీడ లేదు. అందుకని దాని అంచున, బండ్లు తొక్కి గట్టిపడ్డ బాట పక్కనే రెండు పోట్లు పొడిచి, పెళ్లలు సంచిలో వేసుకున్నాను. పొదల బీడులో మాత్రం దట్టమైన బలుసు పొద కింద చతికిలబడి హాయిగా తవ్వాను. నల్లటి, మెత్తటి మన్ను! పొదల బీడే మేలని అక్కడే కాగితం రాసేసి, బస్సు అందుకోవాలని లేచాను.

ఆ భూమి కోసం ఎదురుచూస్తున్న వాళ్లలో ఒక అవ్వ నీళ్ల ముంతతో వచ్చింది. ఏం రాశావని అడిగింది. చెప్పగానే ఆమె ముఖం వాడిపోయింది.

"యాడ తవ్వినవ్ బిడ్డా?"

"గీ పొద కిందనే అవ్వా."

"నీడకు కూసొని తవ్వినవా! ఆకు కుళ్లి, మేకలు పండి పెంటికలేసి పొద కింద మన్ను గట్లనే ఉంటది. పొదకూ పొదకూ నడుమ సూసినవా?"

నేను రోడ్డు వైపు చూశాను. ఆమె నాలుగడుగులు అవతలికి పోయి ముంతలోని నీళ్లు కొన్ని ఒంపింది. గట్టిపడ్డ ఎర్రటి గరుసు నేల మీద అవి జారిపోయాయే తప్ప ఇంకలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని గడ్డి బీడు నడిమధ్యకు లాక్కుపోయింది. అక్కడ పోసిన నీళ్లు చూస్తుండగానే మాయమయ్యాయి. ఒక గడ్డిదుబ్బు పెకలిస్తే, దారాల్లాంటి వేళ్ల నడుమ నుంచి మన్ను రవ్వలా రాలింది.

"నీ కాయితం నమ్మి గా గరుసు దున్నుకుంటే మా పిల్లలేం తినాలె?"

సిగ్గుతో నా చెవులు కాలాయి. దూరంగా బస్సు దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది. (నా మనసు దాని వెంట కొంతదూరం పరుగెత్తిందని ఒప్పుకోవాలి.) కాగితం చింపేశాను. అవ్వ చెయ్యి చూపిన చోటల్లా, రెండు బీళ్లలోనూ పొద్దుగూకే దాకా గుంతలు తవ్వాను.

మర్నాడు జరిగిందంతా చెబితే పెద్దసాబ్ కళ్లద్దాల మీదుగా చూశాడు. "ఐతే గీ నౌకరి ఆమెకియ్యాల్సింది" అని నవ్వి, కొత్త కాగితం మీద సంతకం పెట్టాడు. గడ్డి బీడులో సగం ఆ ఎనిమిది ఇళ్లకు దక్కింది. మిగతా సగం పశువుల మేతకు వదిలారు. వానలకు అక్కడ జొన్న నడుమెత్తు లేచింది.

ఇప్పుడు నేను నిదానస్తుణ్ణే, మోకాళ్లు ఇంకో దారి లేకుండా చేశాయి. చెమటలు కక్కుతూ, పోయిన బస్సును తిట్టుకుంటూ తవ్విన ఆ తొందరగాణ్ణి తలచుకుంటే కోపం రాదు. వాడి కాళ్లు ఒక్క పూట నాకు దొరికితే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.