పక్క సీటు బ్రేకు

టిబెట్ చూడాలన్నది నా కోరిక కాదు, మా ఆవిడది. ఖతార్‌లో ఇరవై రెండేళ్లు ఎటు చూసినా చదును నేలే చూసి విసిగిపోయింది. "ఒక్కసారి మెడ ఎత్తి చూడాల్సిన కొండలకు తీసుకెళ్లండి" అనేది. వచ్చే సెలవుల్లో చూద్దాంలే అంటూ నెట్టుకొచ్చాను. నిరుడు ఆవిడ పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ బదులు నేనైనా చూసొద్దామని ఈ ఏడాది ఒక్కణ్ణే బయల్దేరాను.

ట్రక్కు వెనక సీట్లు బిగించి యాత్రికులను తిప్పే బండి అది. ఆ రోజు పొద్దున్నే షిగాట్సేలో ఎక్కాం. మిగతావాళ్లంతా తెల్లవాళ్లు, అందరూ జంటలే. పెద్దవాణ్ణని నన్ను ముందు క్యాబిన్‌లో డ్రైవరు పక్కన కూర్చోబెట్టారు. ఆయన టిబెట్ మనిషి. ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. ఊరు దాటేదాకా వెడల్పాటి రోడ్లు, సెల్‌ఫోన్ దుకాణాలు. ఈ భాగ్యానికా ఇంత దూరం వచ్చానని గొణుక్కున్నాను.

గ్యాంట్సేలో కోట కింద నూడుల్స్ తిన్నాక రోడ్డు కొండెక్కింది. ఒకచోట మంచు దాదాపు రోడ్డు దాకా దిగి ఉంది. ఆ తర్వాత సరస్సు, అచ్చం నెమలికంఠం రంగు. "చూశావా" అంటూ పక్కకు తిరిగాను. డ్రైవరు మర్యాదగా తలూపాడు. నాకు ఏడుపొచ్చింది.

చివరి కనుమ దగ్గర తాళ్లకు కట్టిన రంగుల జెండాలు గాలికి కొట్టుకుంటున్నాయి. అక్కణ్ణుంచి అంతా దిగుడే. మలుపు మీద మలుపు, ఒక పక్క లోయ. ప్రతి మలుపులోనూ నా కుడికాలు కింద మ్యాటును గట్టిగా తొక్కుతోంది. డ్రైవరు గమనించాడు. నా కాలు చూపించి, తన బ్రేకు చూపించి నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. కారులో నా పక్కన కూర్చుని మా ఆవిడ ఇలాగే తొక్కేది. ఖతార్‌లో, అల్ రయ్యాన్‌లోని ఇంటి నుంచి అల్ ముంతజా బజారుకు కూరగాయలకు వెళ్లొచ్చేలోపు యాభైసార్లు తొక్కేది. నేను మండిపడేవాణ్ణి.

"నీ వైపు బ్రేకు లేదు. నా మీద నమ్మకం లేకపోతే దిగి నడువు."

"నమ్మకం లేక కాదండీ. కాలు నా మాట వినదు."

ఆ మాట నేను ఒక్కనాడూ నమ్మలేదు. ఇప్పుడు ఈ డ్రైవరు మీద నాకు ఇసుమంతైనా అనుమానం లేదు. అయినా కాలు ఆగడం లేదు.

సాయంత్రానికి లాసా చేరాం. కొండ మీది పాత రాజభవనం ముందు జంటలన్నీ ఫొటోలు తీసుకున్నాయి. నువ్వు చెప్పింది నిజమేనని చెప్పడానికి నాకు మనిషి లేదు. గదికి పోయి పడుకున్నాను.

దోహాకు తిరిగొచ్చాక మొదటి శుక్రవారం, మా బిల్డింగ్ కింద కార్లు కడిగే జగిత్యాల ఆయన నా కారు మ్యాట్లు దులుపుతూ పిలిచాడు.

"సార్, గీ పక్క సీటు మ్యాటు మడమకాడ అరిగి చిల్లు పడ్డది. అండ్ల ఎవ్వలు కూసోరు గద, పారెయ్యమంటరా?"

"వద్దయ్యా. కడిగి అక్కడే వెయ్యి."

ఇన్నేళ్లలో ఆ చిల్లు నేను చూడనేలేదు. మ్యాటు ఆరాక ఆ సీట్లో కూర్చుని, చెప్పు విడిచి, దాని మీద మడమ పెట్టాను. మా ఆవిడ కాలు చిన్నది. నా మడమ అందులో పట్టలేదు.