ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ఒలికిన నాచురసం

అల్మాస్‌గూడలో మా అక్క ఇంటి పక్క ఖాళీ స్థలంలో టమాటా, బీర వేసింది. పూత వచ్చినట్టే వచ్చి రాలిపోతోందని ఫోన్‌లో దిగులుపడింది. భీమిలిలో ఉండే నా స్నేహితుడొకడు రాళ్ళ మీద పెరిగే సముద్రపు నాచును ఉడకబెట్టి, వడగట్టి రసం తీస్తాడు. నీళ్ళలో కలిపి ఆకుల మీద చల్లితే మొక్క ఎండకు తట్టుకుంటుందని, పూత నిలుస్తుందని అతని అనుభవం. అతని దగ్గర్నుంచి బస్సు పార్సిల్లో ఒక క్యాన్ తెప్పించాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. ఎల్‌బీ నగర్‌లో రాస్తారోకో అని తెలిసి, నేను గుమాస్తాగా పనిచేసే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు సెలవిచ్చారు. క్యాన్ అక్కకు ఇచ్చి వద్దామని, పెందలాడే చౌరస్తా దాటేయొచ్చనుకుని సిటీ బస్సెక్కాను. కొత్తపేట దాటాక బస్సు ఆగిపోయింది. కండక్టర్ అందరినీ దించేశాడు. క్యాన్ పట్టుకుని ఎండలో నడిచాను. మాది బాపట్ల. నోరు తెరిస్తే మా యాస తెలిసిపోతుందని దారి పొడుగునా ఎవరినీ ఏమీ అడగలేదు.

చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఒక పక్క పాటలు, ఒక పక్క ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు. నేను జనానికి దూరంగా ఫుట్‌పాత్ మీద నిలబడ్డాను. ఎండ వేడికి క్యాన్ ఉబ్బి ఉంది. గాలి పోనిద్దామని మూత తిప్పాను. బుస్సుమని నల్లటి రసం ఎగజిమ్మి నా చొక్కా అంతా తడిపేసింది.

అంతలో ఒకామె పరుగున వచ్చి క్యాన్‌ను చేత్తో ఒక్క తోపు తోసింది. అది రోడ్డు మీద దొర్లిపోయింది. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. వెనకాలే ఇద్దరు మగవాళ్ళు వచ్చి నన్ను చుట్టేశారు. పొద్దుటినుంచీ గుండెల్లో మోస్తున్న భయమంతా ఒక్కసారిగా బయటపడింది.

"నేనేం చేశానండీ? ఆంధ్రావాణ్ణని కొడతారా?" అన్నాను.

గట్టిగానే అన్నాను. తరుగుతున్న చేతులు ఆగిపోయాయి. ఆమె మాత్రం నా చేతులు వదల్లేదు.

"పెట్రోలనుకున్న బిడ్డా" అంది. "మీద పోసుకుంటున్నవనుకున్న. మా వాడకట్టుల ఒక పిలగాడు గట్లనే చేసుకున్నడు. పక్కనే ఉండి పట్టుకోలేకపోయిన."

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వచ్చినవాళ్ళలో ఒకతను క్యాన్ లేపి, మూత బిగించి నా పక్కన పెట్టాడు. సగమే మిగిలింది. "మిమ్ములనెవరు కొడ్తరు సార్, ఇన్నేండ్ల సంది పక్కపక్కనే ఉంటలేమా" అన్నాడు. అతని గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం ఉంది. కోప్పడినా బాగుండేది.

ఆమె పేరు సైదమ్మ. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. తప్పయిపోయిందమ్మా అన్నాను. భయంల అంటరు తియ్యి, అని చెంబుతో నీళ్ళు తెచ్చి చొక్కా కడుక్కోమంది. తర్వాత బంతిలో తన పక్కనే కూర్చోబెట్టింది. విస్తరిలో అన్నం, టమాటా పప్పు. ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా నా మాట విన్నవాళ్ళే. సైదమ్మ చూస్తుండగా మొత్తం తిన్నాను.

ఇంతకీ గీ చాపల వాసన ఏందని ఆమె అడిగింది. చెప్పాను. తినే కూరల మీద చల్లొచ్చా అని అనుమానపడింది. చల్లవచ్చనీ, కోసుకున్నాక మామూలుగా కడుక్కుంటే చాలనీ, పురుగుల మందు కాదు కాబట్టి పురుగు చావదనీ చెప్పాను. వాళ్ళింటి ముందు డబ్బాల్లో బెండ మొక్కలున్నాయట. ఆమె నీళ్ళ సీసాలోకి రసం వంచి, అర బకెట్ నీళ్ళకు ఒక మూత చాలన్నాను. చిక్కగా పోస్తే ఆకులు మాడతాయని కూడా చెప్పాను. ఇది ఇచ్చేసి, అన్న మాటకు చెల్లు పెట్టేద్దామన్న తొందర నా గొంతులో నాకే వినబడింది. ఆమె మాత్రం సీసాను కొంగులో భద్రంగా పట్టుకుంది.

దారి తెరిచాక సాగర్ రోడ్డు మీదుగా షేర్ ఆటోలో అల్మాస్‌గూడ చేరాను. అక్క నా చొక్కా చూడగానే, వాళ్ళెవరైనా ఒలకబోశారా అంది. ఆ 'వాళ్ళు' అన్న మాట చెంపదెబ్బలా తగిలింది. జరిగిందంతా చెప్పాను. ఎండ తగ్గాక ఇద్దరం రసాన్ని గుడ్డలో వడగట్టి, నీళ్ళలో కలిపి, ఆకుల అడుగు కూడా తడిసేలా చల్లాం. ఇంకోసారి చల్లాక గానీ పూత సంగతి తెలియదు.

తిరుగు ప్రయాణంలో ఎల్‌బీ నగర్‌లో సిటీ బస్సు దొరికింది. చౌరస్తాలో పొయ్యిల బూడిద మిగిలింది. ఈ దారిన క్యాన్‌తో వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే, నిండుగా నింపకండి, ఎండలో మూత తీయకండి. మిగతాది ఎవరికి వారు తెలుసుకోవలసిందే.

పక్క సీటాయన విజయవాడ మనిషి. టికెట్ అడిగినప్పుడు నా యాస పట్టి, మనవాళ్ళేనా అని పలకరించాడు. నా చొక్కా మీది మరకలు చూసి, చౌరస్తాలో ఇబ్బందేమైనా పెట్టారా అని మెల్లగా అడిగాడు.

"అన్నం పెట్టారండీ" అన్నాను. అక్కడితో ఆపితే నేను మంచివాణ్ణిగా మిగిలిపోతానని తోచి, నేనన్న మాట కూడా చెప్పాను.

ఆయన, "బాధపడకండి. మీ స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి" అన్నాడు.

ఓదార్పుగానే అన్నాడు. నాకు ఆయన ముఖంలోకీ చూడాలనిపించలేదు. దిల్‌సుఖ్‌నగర్ రాకముందే లేచి తలుపు దగ్గర నిలబడ్డాను.