సుగుణ టీచర్‌కి వచ్చిన ఫోన్లు

2011 వేసవి. సికింద్రాబాద్‌లో ఏ.ఎస్. రావు నగర్‌లోని ఒక వినికిడి క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఎవరి చెవి ఏ శబ్దాన్ని ఎంత పోగొట్టుకుందో కొలిచి, దానికి తగిన మిషన్ అమర్చడం నా పని. అప్పటికి ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఫోన్లు ఎత్తే ఉద్యోగమే. ఎక్కడో పరదేశంలో ఉన్నవాళ్ళ గోడు వినడానికి మన పిల్లలకి జీతాలిచ్చేవారు.

సుగుణ టీచర్ మౌలాలి నుంచి వచ్చారు. కాకినాడ వైపు మనిషి. ఒక్కరే ఉంటారు, అక్కడే ఒక చిన్న బడిలో ఒకటో తరగతికి పాఠాలు చెబుతారు. సంచిలోంచి ఒక డబ్బా తీసి బల్ల మీద పెట్టారు.

"ఇంటర్నెట్‌లో కొన్నానండీ. డిజిటల్ హియరింగ్ ఎయిడ్, చెవికి తగ్గట్టు సెట్ చేయించుకోవచ్చని రాశారు. కాస్త సెట్ చేసి పెట్టండి డాక్టరమ్మా."

తిప్పి చూశాను. సెట్ చేయడానికి అందులో ఏమీ లేదు, వాల్యూమ్ చక్రం తప్ప. అది ఆంప్లిఫయర్, అంటే అన్ని చప్పుళ్ళనీ ఒకేలా పెంచే బొమ్మ. ఆడియోగ్రామ్, అంటే వినికిడి పటం తీస్తే, ఆమెకి సన్నని శబ్దాలన్నీ పోయాయి. స, ఫ లాంటివి చేరవు. పిల్లల గొంతులు అసలే సన్నం. ఈ బొమ్మతో ఫ్యాను మోత, బెంచీల చప్పుడు పెరుగుతాయి. మాట తెలియదు.

ఎదురుగా ఉంటే పెదాలు చూసి సగం గ్రహించేవారు. మిగతా సగం కాగితం మీద రాసి చూపించాను. ఆమె మొహం వాడిపోయింది. బడి తెరిచేలోగా మిషన్ పెట్టుకోకపోతే క్లాసు తీసేస్తానని ప్రిన్సిపాల్ చెప్పేశారట. దాచుకున్నదంతా ఈ డబ్బాకే పోసేశారు. అది వెనక్కొస్తే తప్ప అసలైన మిషన్ కొనలేరు. క్లినిక్ నాది కాదు, అరువిచ్చే అధికారం నాకు లేదు.

మా లెటర్‌హెడ్ మీద ఇది హియరింగ్ ఎయిడ్ కాదని రాశాను. ఆమెకి ఫోనులో మాట అర్థం కాదని కూడా రాసి, డబ్బు వెనక్కిమ్మని అమ్మిన కంపెనీకి ఆమె పేరనే మెయిల్ పంపించాం. జవాబు వచ్చింది: మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తారు.

నాకు ఒళ్ళు మండింది. నా నంబరిచ్చాను. కుదరదు, కొన్నవాళ్ళ నంబరుకే చేస్తారట. చివరికి ఆమె ఫోన్ నుంచి నేనే చేసి స్పీకర్ పెట్టాను. అటువైపు ఒక అమ్మాయి, యాస చూస్తే మన ఊరి పిల్లే. అడిగిన ప్రతి ప్రశ్నా నేను రాస్తున్నాను, టీచర్ చదివి జవాబు చెబుతున్నారు.

"మేడం, పక్కకెల్లి ఎవరో చెప్తున్నరా?"

"ఆవిడకి వినపడదమ్మా. కంప్లైంటే అది," అన్నాను.

"సమజైంది మేడం. కానీ రిఫండ్ గురించి కస్టమరే మాట్లాడాలె. నేనేం చేస్త చెప్పుండ్రి, నా కాల్ సుత రికార్డ్ అయితది. జెర ఆగుండ్రి, మా సార్‌ని అడుగుతా."

హోల్డ్‌లో సంగీతం మొదలైంది. టీచర్ ఆ బొమ్మ చెవిలో పెట్టుకుని ఫోన్ మీదికి వంగారు. "మ్యూజిక్ వినపడుతోందండీ!" అన్నారు సంబరంగా. ఆ మ్యూజిక్ మధ్యలోనే లైను తెగిపోయింది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు. ఆ వేసవంతా శంఖం ఊదింది మేమిద్దరమే.

తర్వాత వాళ్ళు ఆమెకి ఫోన్లు చేశారు. టీచర్ ఎత్తి, "నాకు వినపడదండీ, దయచేసి మెయిల్ రాయండి" అని చెప్పి పెట్టేసేవారు. కొన్నాళ్ళకి నిజంగానే రాశారు: కస్టమర్ స్పందించనందున మీ ఫిర్యాదును మూసివేశాం. మళ్ళీ తెరవమని నేను ఎన్నిసార్లు రాసినా ఉలుకూ పలుకూ లేదు.

బడి తెరిచాక ఒక సాయంత్రం టీచర్ వచ్చారు. బతిమాలుకుంటే ప్రిన్సిపాల్ కొద్దిరోజులు ఓపిక పట్టి, ఆనక క్లాసు వేరే అమ్మాయికి ఇచ్చేశారట.

"ఓ బుడ్డోడు బాత్రూముకి వెళ్తానని అడిగాడంటండీ. నేను నవ్వి, వెరీ గుడ్, కూర్చో అన్నానట. పాపం, కూర్చున్న చోటే తడిపేసుకున్నాడు," అని ఏడ్చారు.

అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఆశగా నా చేతికిచ్చారు. రికార్డు చేసిన గొంతు: మా సేవతో మీరు సంతృప్తి చెందితే ఒకటి నొక్కండి.

టీచర్ నా పెదాల వైపే చూస్తున్నారు. "డబ్బులిస్తారంటనా?"

తల అడ్డంగా ఊపాను.

అప్పటి నుంచి కొత్తగా ఎవరొచ్చినా, ఫోన్ నంబరు అడిగే ముందు, మీకు కబురు ఎలా పంపమంటారని అడుగుతున్నాను. ఆ కేసు నాకు నేర్పింది అదొక్కటే. సుగుణ టీచర్‌కి మాత్రం అది ఎందుకూ పనికిరాలేదు.