డీజిల్ తగ్గిన నెల

మా కంపెనీ కోళ్లను కోసి, శుభ్రం చేసి, మాంసాన్ని గడ్డకట్టించి విదేశాలకు పంపుతుంది. నేను కోళ్ల దగ్గరికి వెళ్లను. విజయవాడ ఆఫీసులో కూర్చుని ఫ్యాక్టరీ ఎంత కరెంటు వాడింది, లారీలు ఎంత డీజిల్ తాగాయి, వాటివల్ల ఎంత కార్బన్ గాలిలో కలిసింది అని ప్రతి నెలా పట్టిక తయారుచేస్తాను. పాప పుట్టాక ఆ పట్టికలు నన్ను భయపెట్టడం మొదలుపెట్టాయి. దానికి నా వయసొచ్చేసరికి ఈ ఊళ్లో మే నెల ఎలా ఉంటుందో తలచుకుంటే నిద్ర పట్టదు. అందుకే, కార్బన్ తగ్గిస్తామని కంపెనీ విదేశీ కొనుగోలుదార్లకు మాటిచ్చినప్పుడు ఆఫీసులో నిజంగా సంతోషించింది నేనొక్కదాన్నేనేమో.

ఆ లక్ష్యంలో కొంత భాగం రైతుల షెడ్ల మీద పడింది. కోడిపిల్లలనూ దాణానూ కంపెనీయే ఇస్తుంది. రైతు తన షెడ్డులో పెంచి తిరిగి అప్పగిస్తాడు. కరెంటు పోతే ఫ్యాన్లు ఆగకుండా జనరేటర్ వేసుకుంటాడు. ఆ డీజిల్ తగ్గాలన్నారు. తక్కువ వాడిన షెడ్ల జాబితా నెలనెలా వేస్తామని, పైన ఉన్నవాళ్ల షెడ్లలోనే ముందు కొత్త కోడిపిల్లలను దించుతామని రైతులకు ఉత్తరం రాయాలి. మా మేనేజర్ ఆ పని నాకిచ్చారు.

"మీ పుట్టింట్లోనూ కోళ్లే కదా మేడమ్, వాళ్లకి ఎక్కేలా రాయండి."

మైలవరం దగ్గర మా అన్నయ్యకు షెడ్డుంది. ఉత్తరం అందిన రోజే ఫోన్ చేశాడు.

"ఏంటే, నువ్వేనా రాసింది? మీ కంపెనీ సూపర్‌వైజర్ వచ్చి చదువుతుంటే మా చెల్లెలే రాసిందని నలుగురికీ చెప్పా."

"చెప్పుకోవడం కాదన్నయ్యా, మొదటి పేరు నీదే రావాలి. లేకపోతే ఆఫీసులో నా పరువు పోతుంది."

"వస్తుందిలేవే. జనరేటర్ మీద మీ వదిన మిక్సీ వేసినా కసురుతున్నా ఇప్పుడు."

వరసగా రెండు నెలలు అతని పేరే మొదట వచ్చింది. ఆ జాబితా ఫొటో తీసి అతనికి పంపాను కూడా.

రోహిణీ కార్తెలో ఒక మధ్యాహ్నం పాపకు ఒళ్లంతా చెమటకాయలు లేచి ఏడుస్తుంటే సెలవు పెట్టి గుణదలలో మా ఇంట్లోనే ఉన్నాను. కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది కాబట్టి పాప మీద ఫ్యాన్ ఆగలేదు. ఆ రోజే మైలవరంలోనూ పోయింది. అన్నయ్య జనరేటర్ దాకా వెళ్లి తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడట. పది నిమిషాల్లో వస్తుందిలే అనుకున్నాడు. గోనెపట్టాలు తడిపి పక్కలకు కట్టాడు. వదిన పైపుతో రేకుల మీద నీళ్లు కొట్టింది. కోళ్లు బాగా ఒళ్లు చేసి, రెండు మూడు రోజుల్లో లారీ ఎక్కాల్సినవి. బరువైన కోడి వేడికి ఆగదు. చివరికి జనరేటర్ వేసేసరికే ఒక మూల నుంచి వాలిపోవడం మొదలైంది.

సాయంత్రం వదిన ఫోన్ చేసింది. "సగం పోయాయమ్మా. మీ అన్నయ్య ఇంకా షెడ్డులోనే ఉన్నాడు."

"జనరేటర్ పాడైందా వదినా?"

"పాడవలేదు. నీ మాట పోతుందని వేయకుండా ఆగాడు."

ఆదివారం పాపను తీసుకుని వెళ్లాను. అప్పటికే గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చేశారు. మిగిలినవి లారీ ఎక్కాయి. ఖాళీ షెడ్డు చూసి పాప, "మామయ్యా, కోళ్లేవీ?" అంది. అన్నయ్య దాన్నెత్తుకుని, "ఊరెళ్లాయమ్మా" అన్నాడు. నావైపు తిరిగి, "నువ్వెందుకే ఏడవడం? నువ్వేమన్నా వేయొద్దన్నావా?" అన్నాడు. నిజమే, ఆ మాట అనలేదు.

సోమవారం సూపర్‌వైజర్ నివేదిక వచ్చింది. కారణం: రైతు నిర్లక్ష్యం. ఆ మాట ఉంటే కొత్త పిల్లలను దించరు. మేనేజర్ దగ్గరికి వెళ్లాను.

"జాబితాలో వెనకబడతానని ఆగాడండీ. అదే రాద్దాం సార్."

"జనరేటర్ వేయొద్దని మనం రాయలేదు కదా మేడమ్. పైగా ఆయన మీ అన్నగారు. నేను మారిస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"పోనీ ఎండలు తగ్గేదాకా జాబితా అన్నా ఆపుదాం."

"ఎండల్ని బట్టి టార్గెట్ మారదండీ."

ఆయన చెడ్డవాడు కాదు. పాపకు చెమటకాయలు తగ్గాయా అని కూడా అడిగారు.

ఆ నెల పట్టికలో షెడ్ల డీజిల్ తగ్గింది. చచ్చిన కోళ్లు అన్నాళ్లూ తిన్న దాణా, దాన్ని పండించడానికీ మోయడానికీ కాలిన ఇంధనం మాత్రం ఏ గడిలోనూ లేవు. ఫ్యాక్టరీకి చేరని కోడికి మా దగ్గర లెక్క లేదు. పట్టిక కింద ఆ సంగతి నాలుగు వాక్యాల్లో రాశాను. పైకి వెళ్లిన ప్రతిలో ఆ వాక్యాలు లేవు. వచ్చే నెల మళ్లీ రాయాలనుకున్నాను. రాయలేదు. ఇంటి అద్దె, పాప బడి, ఇంకేవో గుర్తొచ్చాయి.

నిన్న పొద్దున పాపకు జడ వేస్తుంటే అన్నయ్య ఫోన్.

"షెడ్డు కడిగి సున్నం కొట్టించానే. కొత్త ఊక కూడా పరిచేశా. ఈసారి పిల్లల్ని ఎప్పుడు దించుతారో కాస్త కనుక్కో."

పిల్లలను దించే షెడ్ల వరస ముందురోజే నా కంప్యూటర్‌కు వచ్చింది. అందులో అతని పేరు లేదు.

"కనుక్కుంటా అన్నయ్యా," అన్నాను.